వికారం తగ్గడానికి మణికట్టు దగ్గర ఎలా నొక్కాలి: దీర్ఘకాలిక రోగులకు, వారిని చూసుకునేవారికి

మా అమ్మది కనిగిరి దగ్గర పల్లె. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకుంటుంది. డయాలసిస్ మొదలైన తొలి ఏడాది ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసింది నొప్పి కాదు, వికారం. తెల్లవారగానే నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం, పళ్లు తోముకుందామని బ్రష్షు నోట్లో పెట్టగానే డోకు రావడం, ఆ తరువాత పసరు తప్ప ఏమీ పడని వాంతి, ఇదంతా అయ్యేసరికి ఆమెకు ఇడ్లీ ముక్క తినే ఓపిక కూడా మిగిలేది కాదు. డాక్టరు రాసిన మాత్రలు వాడుతూనే, ఆసుపత్రిలో ఒక సిస్టరు చూపించిన మణికట్టు నొక్కుడు పద్ధతిని మేము అలవాటు చేసుకున్నాం. దానితో వికారం పూర్తిగా పోలేదు. అయితే మాత్ర పనిచేయడం మొదలుపెట్టేలోపు గడవవలసిన ఆ అరగంట ఆమెకు భరించగలిగేదిగా మారింది. చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోతున్నామే అనే మా బాధ కూడా కొంత తగ్గింది. మా వైపు కిడ్నీ జబ్బుతోనో, మధుమేహంతోనో, కీమోథెరపీతోనో ఇదే అవస్థ పడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి, ఈ పద్ధతిని ఎక్కడా తొందరపడకుండా, జాగ్రత్తలతో సహా ఇక్కడ వివరిస్తున్నాను.

దీని నుంచి ఎంత ఆశించవచ్చు

మణికట్టు లోపలి వైపున ఉండే ఈ చోటును చైనా వైద్యంలో నెయ్‌గువాన్ అంటారు. ఆ మాటకు లోపలి ద్వారం అని అర్థం. ఆధునిక వైద్య గ్రంథాలలో దీనిని పీసీ6 లేదా పీ6 అని రాస్తారు. బెల్‌ఫాస్ట్‌లో మత్తుమందు వైద్యుడిగా పనిచేసిన జాన్ డండీ, ఆయన సహచరులు 1986లో ఈ చోటు మీద జరిపిన పరిశీలనను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించిన తరువాత పాశ్చాత్య వైద్యులు దీనిని పట్టించుకోవడం మొదలైంది. ఆపరేషన్ తరువాత, కీమోథెరపీ తరువాత పెద్దవారికి వచ్చే వికారానికి, ఇటువంటి చోట్ల సన్నని సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ పద్ధతి ఉపయోగపడుతుందని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం ప్రకటించింది. ఆపరేషన్ తరువాతి వాంతుల విషయంలో 59 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 7,667 మందిని కలిపి 2015లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష లెక్కవేసినప్పుడు, ఉత్తుత్తిగా నొక్కినవారికంటే సరైన చోట ప్రేరణ పొందినవారికి వికారం, వాంతులు తక్కువగా వచ్చాయని తేలింది. అయితే ఆ ఆధారాల నాణ్యత తక్కువేనని కూడా అదే సమీక్ష చెప్పింది.

మరోవైపు, బ్రిటన్‌లో కీమోథెరపీ పొందుతున్న 500 మందితో జరిగిన ఒక పెద్ద పరీక్షలో ఈ చోటును నొక్కే అసలు బ్యాండును మణికట్టుకు కట్టుకున్నవారికీ, నకిలీ బ్యాండు కట్టుకున్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని మీరు నిర్ణయించుకోవాలి. నా అభిప్రాయం ఇది. ఖర్చు లేనిది, సరిగా చేస్తే హాని లేనిది, రోగి తన చేత్తో తానే చేసుకోగలిగినది కాబట్టి ప్రయత్నించడంలో తప్పు లేదు. కానీ డాక్టరు రాసిన మాత్రకు ఇది తోడు మాత్రమే. నొక్కుతున్నాం కదా అని మాత్ర ఆపడం గాని, ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయడం గాని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

మొదట వికారానికి కారణం తెలుసుకోండి

వికారం ఒక్కటే అయినా దాని వెనుక కారణాలు వేరువేరుగా ఉంటాయి. కిడ్నీ రోగికి ఒంట్లో యూరియా వంటి వ్యర్థాలు పేరుకుపోతే ముఖ్యంగా ఉదయం పూట వికారం వస్తుంది, నోరు ఇనుము నాకినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో కడుపు నెమ్మదించి, నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయినట్టు అనిపించడం, ఎప్పుడో తిన్న అన్నం గంటల తరువాత వాంతిలో పడటం కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వంటి మందులు కూడా కడుపులో తిప్పుతాయి. వీటిలో కొన్నింటికి మాత్ర వేసుకునే వేళనో మోతాదునో డాక్టరు మారిస్తే చాలు. మలబద్ధకం వికారాన్ని పెంచుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రే మలబద్ధకం కలిగించగలదు కాబట్టి, విరేచనం సాఫీగా అవుతున్నదా లేదా అని రోగిని మొహమాటపడకుండా అడగండి.

రెండు సందర్భాలను మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. క్షయకు మందులు వాడుతున్నవారికి వికారంతో పాటు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా అది కాలేయం దెబ్బతింటున్నదనే సూచన కావచ్చు. అప్పుడు ఆ రోజే డాక్టరును కలవాలి. గుండె జబ్బుకు డిగాక్సిన్ వాడుతున్నవారికి కొత్తగా వికారం మొదలై, చూపు పసుపుగా కనిపిస్తే మందు ఒంట్లో ఎక్కువైందేమో చూపించుకోవాలి. ఇటువంటి వికారాన్ని మణికట్టు నొక్కి అణచిపెట్టడం ప్రమాదం.

ఏ చేతికి నొక్కకూడదు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదు.

సిస్టరు నేర్పిన మూడో రోజున, ఇంట్లో అమ్మకు వికారం వస్తున్నదని, ఎలాస్టిక్ పట్టీకి గుండీ కుట్టి ఆమె ఎడమ చేతికి కట్టాను. ఆమె డయాలసిస్ ఫిస్టులా ఉన్నది ఆ చేతికే. మరునాడు డయాలసిస్‌కు వెళ్లినప్పుడు టెక్నీషియన్ ఆ పట్టీని చూసి వెంటనే విప్పించి, చేయి పెట్టి అదురు పరీక్షించి, రక్తప్రవాహం బాగానే ఉన్నదని తేల్చుకున్న తరువాతే సూదులు గుచ్చాడు. ఫిస్టులా అంటే ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు. అక్కడ గాని, ఆ చేతిలో మరెక్కడైనా గాని బిగువుగా కడితే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. అది పోతే మళ్లీ ఆపరేషన్, కొత్త ఫిస్టులా సూదులు గుచ్చడానికి సిద్ధమయ్యే వరకు వారాల తరబడి ఎదురుచూపు, అంతవరకు మెడ దగ్గరనో తొడ దగ్గరనో గొట్టం. వాచీ, బిగువైన గాజులు, రక్తపోటు చూసే పట్టీ వద్దన్న చేతికి ఈ బ్యాండు కూడా వద్దు, నొక్కడమూ వద్దు. గ్రాఫ్ట్, అంటే ధమనిని సిరతో కలిపే కృత్రిమ గొట్టం వేసిన చేతికీ ఇదే వర్తిస్తుంది. రెండో చేతికి మాత్రమే చేయండి.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి చంకలోని లింఫు గ్రంథులు తీసివేసిన వైపు చేతికి కూడా నొక్కకూడదు. ఆ చేయి వాచిపోయే స్వభావం కలది. సెలైన్ సూది పెట్టి ఉన్న చేయి, పుండు గాని కాలిన మచ్చ గాని ఉన్న చర్మం, రేడియేషన్ ఇచ్చిన చోటు, ఎముక విరిగి కట్టు కట్టిన చేయి, ఇవన్నీ వదిలేయాలి. కీమోథెరపీ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయినవారికీ, రక్తం పలచబడే మందులు వాడేవారికీ చిన్న ఒత్తిడికే చర్మం కమిలి నల్లబడుతుంది కాబట్టి, ముందుగా డాక్టరును అడిగి, అనుమతిస్తే చాలా తేలికగా మాత్రమే నొక్కాలి. ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడినవారి చర్మం, వయసు మీదపడినవారి చర్మం ఉల్లిపొర వలె పలచగా ఉంటుంది. అక్కడ గోరు తగిలినా గీరుకుపోతుంది.

మధుమేహంతో చేతులకు తిమ్మిరి ఉన్నవారి విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. ఎంత గట్టిగా నొక్కుతున్నదీ వారికి తెలియదు. బ్యాండు చర్మాన్ని కోస్తున్నా తెలియదు. వారికి వేలితో నొక్కడమే మంచిది, బ్యాండు వద్దు.

చోటును కనుక్కోవడం

మొదట రోగిని కూర్చోబెట్టండి. కూర్చోలేకపోతే తల కింద రెండు దిండ్లు పెట్టి, చేయిని అరచేయి పైకి ఉండేలా మెత్తటి దుప్పటి మీదనో ఒడిలోనో ఆనించండి. గాజులు, వాచీ, ముంజేతి దారాలు మోచేతి వైపుకు జరపండి లేదా తీసివేయండి. మట్టి గాజులైతే తీయడమే మంచిది, నొక్కేటప్పుడు చిట్లి గుచ్చుకోవచ్చు.

అరచేయి ముగిసి ముంజేయి మొదలయ్యే చోట చర్మం మీద అడ్డగీతలు కనిపిస్తాయి. వాటిలో అరచేతికి దగ్గరగా ఉన్న గీతను గుర్తుగా తీసుకోండి. ఆ గీత మీద రోగి రెండో చేతి మూడు వేళ్లను, అంటే చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలును పక్కపక్కన అడ్డంగా ఆనించాలి. ఉంగరపు వేలి అంచు గీతను తాకుతూ ఉండాలి. అప్పుడు చూపుడు వేలికి మోచేతి వైపున, వేలి అంచు ముగిసిన చోట చర్మం మీద బొటనవేలు పెట్టండి. మన కొలతలో చెప్పాలంటే అది గీత నుంచి బెత్తెడుకు ఒక వేలు తక్కువ దూరం.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏమిటంటే, నొక్కేవారు తమ వేళ్లతో కొలవడం. కొలత రోగి వేళ్లతోనే జరగాలి. పొలం పనులు చేసిన కొడుకు లావుపాటి వేళ్లతో సన్నని తల్లి చేతిని కొలిస్తే చోటు వేలు మందం పైకి తప్పుతుంది. రోగి తన వేళ్లు ఆనించలేని స్థితిలో ఉంటే, ఆమె వేళ్ల వెడల్పుకు సమానంగా ఒక కాగితం ముక్క కత్తిరించి పెట్టుకోండి. దానిని ఒకసారి చేసుకుంటే చాలా కాలం పనికివస్తుంది.

ఇప్పుడు అడ్డంగా చూసుకోవాలి. పిడికిలి కొద్దిగా బిగించి మణికట్టును లోపలికి వంచితే, ముంజేయి మధ్యలో తాళ్ల మాదిరి రెండు నిలువు గట్టిదనాలు పైకి తేలుతాయి. మనవాళ్లు వాటిని నరాలంటారు గాని అవి నరాలు కావు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు. మనకు కావలసిన చోటు ఆ రెండింటి నడుమ ఉన్న పల్లంలో ఉంటుంది. కొంతమందికి పుట్టుకతోనే వాటిలో ఒకటి ఉండదు. కిడ్నీ రోగులకు చేతులు నీరు పట్టి వాచినప్పుడు రెండూ కనిపించవు. అటువంటప్పుడు ముంజేయి వెడల్పుకు సరిగ్గా మధ్య తీసుకోండి.

చోటు దొరికిందని ఎలా తెలుస్తుంది? నిదానంగా నొక్కినప్పుడు చుట్టుపక్కల కంటే అక్కడ కొంచెం ఎక్కువ సలుపుగా, బరువుగా అనిపిస్తుంది. దొరికిన తరువాత బాల్‌పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. ఒకరు నేర్చుకుని ఇంట్లో మిగతావారికి చూపించాలంటే ఈ చుక్క ఎంతో ఉపయోగపడుతుంది.

నొక్కే విధానం

గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, తడి తుడుచుకుని మొదలుపెట్టండి. చేతికి అమృతాంజనం వంటి ఘాటైన వాసనలు ఉండకూడదు. వికారంగా ఉన్న మనిషికి ఆ వాసనే చాలు.

బొటనవేలి మెత్తని భాగాన్ని చోటు మీద ఆనించి, మిగిలిన నాలుగు వేళ్లతో ముంజేతిని వెనుక వైపు నుంచి ఊతగా పట్టుకోండి. ఒత్తిడిని ఒక్కసారిగా కాకుండా క్రమంగా పెంచాలి. టమాటా పండిందా లేదా అని చూసేటప్పుడు వేసే ఒత్తిడితో మొదలుపెట్టి, రోగి సలుపు తెలుస్తున్నదని చెప్పే వరకు పెంచి, నొప్పి అనే మాట రాకముందే ఆగాలి. బొటనవేలి గోరు కొన తెల్లబడేంత వరకు వెళితే అది ఎక్కువైనట్టే. అక్కడి నుంచి వేలు చర్మం మీద జారకుండా, చర్మంతో కలిసి కదిలేలా చిన్న చిన్న గుండ్రాలుగా 2 నుంచి 3 నిమిషాలు నొక్కండి. గుండ్రంగా తిప్పడం చిరాకుగా ఉందంటే కదపకుండా నొక్కి పట్టుకున్నా సరిపోతుంది. ఆ తరువాత, రెండో చేతికి పైన చెప్పిన అభ్యంతరాలేవీ లేకపోతే అక్కడ కూడా అంతే సేపు చేయండి.

ఈ చోటు కింద అరచేతికి వెళ్లే ముఖ్యమైన నరం ఒకటి ఉంటుంది. నొక్కుతున్నప్పుడు బొటనవేలికో, చూపుడు వేలికో జివ్వున లాగినట్టు అనిపించినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే ఒత్తిడి తగ్గించి, వేలిని కొద్దిగా పక్కకు జరపండి. ఏళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నవారికి మణికట్టులో ఈ నరం నొక్కుకుపోయి రాత్రిపూట వేళ్లు మొద్దుబారే జబ్బు తరచుగా ఉంటుంది. వారికి మరింత తేలికగా చేయాలి.

నొక్కుతున్న సమయంలో శ్వాస మీద కూడా దృష్టి పెట్టించండి. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువ సేపు నోటితో వదలమనండి. మీరు కూడా ఆమెతో పాటే శ్వాస తీయండి. పక్కన కూర్చున్న మనిషి ఊపిరి నెమ్మదిగా నడిస్తే రోగి ఊపిరి కూడా దాని వెంటే నడుస్తుందని నాకు అనుభవం మీద తెలిసింది. తగ్గిందా, తగ్గిందా అని నిమిషానికోసారి అడగకండి. ఆ ప్రశ్న ఆమె మనసును మళ్లీ కడుపు మీదికే తీసుకుపోతుంది.

రోజుకు ఎన్నిసార్లు అంటే, అవసరమైనన్నిసార్లు చేయవచ్చు గాని, చర్మం ఎర్రబడితే ఆ రోజుకు ఆపేయాలి. వికారం ముదిరి డోకులు మొదలైన తరువాత కంటే, మొదట నోట్లో నీళ్లూరుతున్నప్పుడే మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉంటుందని మా ఇంట్లో గమనించాం. వాంతి నిజంగా వచ్చేస్తుంటే నొక్కడం ఆపి, ఆమెను కూర్చోబెట్టి ముందుకు వంచండి లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉంచకండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

బ్యాండు కట్టుకోవాలంటే

ప్రయాణంలో వాంతులు రాకుండా కట్టుకునే బ్యాండ్లు అని కొన్ని మందుల షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. అవి అల్లిక పట్టీకి లోపలి వైపు ప్లాస్టిక్ బొడిపె ఉన్నవి. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. అంగుళం వెడల్పున్న మెత్తని ఎలాస్టిక్‌ను మణికట్టు చుట్టుకొలతకు కొద్దిగా తక్కువగా కత్తిరించి, చివరలు కలిపి కుట్టి, లోపలి వైపు గుండ్రని అంచున్న చొక్కా గుండీ ఒకటి కుట్టుకోవాలి. మాది శనగలు పండే ప్రాంతం కాబట్టి, ఇంట్లో ఉన్న శనగ గింజను ప్లాస్టరుతో అంటించుకోవడం కొందరిలో చూశాను. అది వద్దు. శనగకు ముక్కు వాడిగా ఉంటుంది, గంటసేపు ఒత్తుకుంటే చర్మం చిట్లుతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ చిన్న గాయమే పెద్ద పుండు కాగలదు.

కట్టిన తరువాత ఎలాస్టిక్ కింద మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, వాచినా వెంటనే విప్పండి. రెండు గంటలకొకసారి తీసి చర్మాన్ని చూడండి. పడుకునేటప్పుడు తీసివేయండి.

బ్యాండు ఎక్కువగా ఉపయోగపడేది, వికారం ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన సందర్భాలలో. కనిగిరి నుంచి పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు ఆసుపత్రికి బస్సులో వెళ్లేవారిలో కొందరికి చీమకుర్తి గ్రానైట్ లారీల దుమ్ము, డీజిల్ వాసన తగలగానే కడుపులో తిప్పడం మొదలవుతుంది. కీమోథెరపీ పొందినవారికైతే ఆసుపత్రి మెట్లు కనిపించగానే, మందు ఒంట్లోకి పోకముందే వికారం వస్తుంది. గత అనుభవాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుని ముందుగానే చేసే హెచ్చరిక అది. నటన కాదు, మనోబలం లేకపోవడమూ కాదు. వీరు ఇంటి గడప దాటకముందే బ్యాండు కట్టుకుని, డాక్టరు ప్రయాణానికి ముందు వేసుకోమన్న మాత్ర ఉంటే అదీ వేసుకుని బయలుదేరాలి. బస్సులో ముందు వరుసలో కిటికీ పక్కన కూర్చోవాలి, ఫోను చూడకూడదు.

ఇంట్లోనూ వికారాన్ని రేపే వేళలు ఉంటాయి. తాలింపు ఘాటు, చేపల పులుసు ఉడికే వాసన, ఎండు చేపలు వేయించే వాసన నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో మామూలే గాని, రోగి ఉన్న గదిలోకి అవి వెళ్లకుండా వంట సమయానికి ఆమెను వరండాలోకో, చెట్టు కిందికో తీసుకువెళ్లండి. అన్నం వేడివేడిగా కాకుండా చల్లారిన తరువాత పెడితే వాసన తక్కువగా ఉంటుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తిన్న వెంటనే పడుకోనివ్వకండి. నీరసంగా ఉందని కిడ్నీ రోగికి కొబ్బరి నీళ్లు తాగించడం మన దగ్గర ప్రేమతో చేసే పెద్ద పొరపాటు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. నీళ్లు, నిమ్మరసం, ఓఆర్ఎస్ కూడా డాక్టరు చెప్పిన కొలతకు లోబడే ఇవ్వాలి.

డయాలసిస్ జరుగుతున్నప్పుడు

మంచం మీద ఉండగా వికారం మొదలైతే మొదట చేయవలసిన పని నొక్కడం కాదు, టెక్నీషియన్‌ను పిలవడం. ఆ సమయంలో వికారం చాలాసార్లు రక్తపోటు పడిపోతున్నదనడానికి తొలి సూచన. ఆవలింతలు, చెమట, కళ్లు బైర్లు కమ్మడం దాని వెంట వస్తాయి. వారు రక్తపోటు చూసి, నీరు తీసే వేగం తగ్గించి, కాళ్లు ఎత్తిపెట్టి, పరవాలేదు అన్న తరువాత, ఫిస్టులా లేని చేతికి, రక్తపోటు పట్టీ ఉబ్బని సమయంలో నొక్కవచ్చు. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు ఎక్కువగా చేరినవారికి ఒక్కసారిగా ఎక్కువ నీరు తీయవలసి వస్తుంది కాబట్టి ఈ బాధ ఎక్కువ. అందువల్ల తాగే నీటి కొలత పాటించడం కూడా వికారానికి చేసే చికిత్సలో భాగమే.

చేతులు రెండూ వీలుకాకపోతే మోకాలి కింద ఇంకొక చోటు ఉంది. మోకాలి చిప్ప కింది అంచు నుంచి రోగి చేతి బెత్తెడు దూరం కిందికి కొలిచి, ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు వెడల్పు బయటి వైపుకు జరిగితే అది వస్తుంది. పాదాన్ని పైకి వంచినప్పుడు అక్కడ కండ ఉబ్బుతుంది. అక్కడా 2 నుంచి 3 నిమిషాలు నొక్కవచ్చు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కాబట్టి ఆ కాలిని తాకకుండా డాక్టరుకు చూపించండి.

నొక్కడం ఆపి ఆసుపత్రికి వెళ్లవలసిన వేళ

వాంతిలో రక్తం గాని, కాఫీ పొడి వంటి నల్లని పదార్థం గాని పడితే, నల్లని జిగురు విరేచనం అయితే, ఛాతీలోనో దవడలోనో ఎడమ చేతిలోనో బిగపట్టినట్టు ఉంటే, తీవ్రమైన తలనొప్పితో మెడ బిగుసుకుంటే, మనిషి మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే 108కి ఫోన్ చేయండి. మధుమేహం ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, కేవలం వికారం, చెమట, ఆయాసంగా కూడా వస్తుంది. కొత్తగా, హఠాత్తుగా వచ్చిన అటువంటి వికారాన్ని గ్యాస్ అని కొట్టిపారేయకండి. ఇన్సులిన్ వాడేవారు వాంతులు చేసుకుంటూ, పొత్తికడుపు నొప్పితో, బరువుగా ఊపిరి తీస్తుంటే అది కూడా అత్యవసరమే. అన్నం తినలేదని ఇన్సులిన్‌ను మీ అంతట మీరు పూర్తిగా ఆపకండి, చక్కెర చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం మామూలుగా వచ్చే మనిషికి బాగా తగ్గిపోయినా, స్టెరాయిడ్ మాత్రలు వాంతిలో పోతున్నా ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగిపోవడం ప్రాణాపాయం.

వాంతి అయిన ప్రతిసారీ మాత్రను మళ్లీ వేయవచ్చా అనే ప్రశ్న అందరికీ వస్తుంది. మాత్ర వేసిన ఎంతసేపటికి వాంతి అయింది, వాంతిలో మాత్ర కనిపించిందా అన్నవి గమనించి, ఆ రెండు విషయాలూ చెప్పి డాక్టరునే అడగండి. ఒక్కో మందుకు సమాధానం ఒక్కో విధంగా ఉంటుంది.

ఇందుకోసమే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. వికారం వచ్చిన వేళ, దానికి ముందు తిన్నది, వేసుకున్న మాత్రలు, ఏ చేతికి ఎంతసేపు నొక్కారు, నొక్కక ముందు వికారం సున్నా నుంచి పదిలో ఎంత, నొక్కిన పది నిమిషాల తరువాత ఎంత అని ఒక్కో వరుసలో రాయండి. అంకె రోగి నోటితోనే చెప్పించండి, మీరు ఊహించి రాయకండి. రెండు వారాలకే కొన్ని విషయాలు బయటపడతాయి. మా పుస్తకంలో అమ్మ వికారం ఎక్కువగా ఐరన్ మాత్ర పరగడుపున వేసుకున్న రోజుల్లోనే ఎనిమిది దాటినట్టు తేలింది. డాక్టరు ఆ వరుసలు చూసి మాత్ర వేళ మార్చారు. నొక్కిన తరువాత అంకె పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా తగ్గకపోతే, ఈ పద్ధతి మీ ఇంట్లో మనిషికి పనిచేయడం లేదని ఒప్పుకుని వదిలివేయండి. ఆ సంగతి కూడా పుస్తకంలో రాసి, ఆసుపత్రి సంచిలో రిపోర్టుల ఫైలు పక్కనే పెట్టుకోండి.